టూర్ అనకండి, దయచేసి

మన జిల్లా సంఘంవాళ్లు విదేశంలోని భాగస్వామి చర్చిని చూసి రావడం గురించిన మీ వ్యాసం చదివాను. ఇవన్నీ చర్చి డబ్బుతో చేసే టూర్లేనని కొందరు అంటున్నట్టు రాశారు. ఆ మాట బాధపెట్టింది.

శ్రీకాకుళం నుంచి మేం ఏడుగురం కెనడాలోని నోవా స్కోషియా వెళ్లొచ్చాం. టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కున్నాం. అక్కడివాళ్లు తమ ఇళ్లలోనే ఉంచుకున్నారు. 1870ల్లో ఆ ప్రాంతపు బాప్టిస్టు మిషనరీలే భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వచ్చి పనిచేశారు. వాళ్ల చర్చిలో ఒక పాత చందాల పుస్తకం చూపించారు. వెలిసిపోయిన సిరాతో 'చికాకోల్' అని ఉంది. బ్రిటిష్ కాలంలో మా ఊరిని రాసిన పేరు అది. పక్కనే అణాల లెక్కలు కాదు, సెంట్ల లెక్కలు. ఎవరో పేద ఇల్లాలు ఇచ్చిన పాతిక సెంట్లు మా ఊరి కోసం! నాకు కన్నీళ్లు ఆగలేదు.

మాతో వచ్చిన కళింగపట్నం మత్స్యకారుడికి ఇంగ్లిష్ రాదు. రేవులో పేర్చిన లాబ్‌స్టర్ బోనుల దగ్గర గొంతుక్కూర్చుని ముడి విప్పి మళ్లీ వేశాడు. అక్కడి ముసలాయన తన ముడి వేసి చూపించాడు. గంటసేపు ఇద్దరూ అక్కడే.

బాధల్లా వీసాలదే. మాతో రావాల్సిన ముగ్గురు కుర్రాళ్లకు ఇవ్వలేదు. కెనడావాళ్లు ఇక్కడికి రాగలిగినంత తేలిగ్గా మనం అక్కడికి వెళ్లలేం. దీని మీద కూడా రాయండి. జనవరిలో నోవా స్కోషియావాళ్లు వస్తున్నారు, వీసా రాని ఆ ముగ్గురి ఇళ్లలోనే దించుతున్నాం.