ఇంటి గుట్టు ఇంట్లోవాళ్లకే చెప్పకపోతే ఎలా?

2025 ఏప్రిల్. నిన్న సాయంత్రం అట్లాంటా దగ్గర సువానీలో ఒక ఫ్రెండ్ ఇంట్లో పాట్‌లక్. ప్లేటు పట్టుకుని గ్యారేజీ దగ్గర నిలబడి ఉన్నాను. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీము అట్లాంటా ఫాల్కన్స్ అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఉండే తమ్ముడొకడు వచ్చి, "అన్నా, డ్రాఫ్ట్ వచ్చే గురువారమే కదా, టెర్రీ ఫాంటెనో ఈసారి కూడా ఒక్క ముక్క బయటపెట్టట్లేదు చూశావా? జీఎం అంటే అలా ఉండాలి. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. ఫాంటెనో అంటే మా టీము జీఎం, అంటే ఆటగాళ్లను ఎంచే జనరల్ మేనేజర్.

నాకు ముద్ద దిగలేదు. వాదించాను. గొంతు పెరిగింది. పిల్లలు చూస్తున్నారని ఆపేశాను. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను. చదివేవాళ్లలో సగంమంది అట్లాంటా చుట్టుపక్కలవాళ్లే కాబట్టి నా బాధ మీకు అర్థమవుతుంది.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 32 టీములు. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లను వరసగా ఎంచుకుంటారు, ఏడు రౌండ్లు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో వంతును పిక్ అంటారు. మామూలుగా కిందటి ఏడాది చిత్తుగా ఓడినవాళ్లకు ముందు ఛాన్స్. ఐపీఎల్ వేలంలా పాట పాడటం ఉండదు. నీ వంతు వచ్చేదాకా నీకు కావలసిన కుర్రాడు మిగిలి ఉండాలి, అంతే. నీ మనసులో ఎవరున్నారో వెనకవాడికి తెలిస్తే, వాడు ముందున్న టీముతో పిక్ మార్చుకుని నీ కుర్రాణ్ణి ఎగరేసుకుపోతాడు. అందుకే డ్రాఫ్ట్ ముందు జీఎంలు ఎవరూ నోరు విప్పరు. దాన్ని నేను తప్పుపట్టట్లేదు. పక్క టీములకు చెప్పమని ఎవరన్నారు?

ఫాంటెనో 2021 జనవరిలో వచ్చాడు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు పనిచేసింది ఎక్కడో తెలుసుగా? న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌లో. మన పక్కలో బల్లెంలో. అయినా పర్లేదు, పని తెలిసినవాడు అనుకున్నాం. అప్పటినుంచి ఏ ఏప్రిల్‌లో అడిగినా ఒకటే పాట: ఉన్నవాళ్లలో మంచి ప్లేయర్‌ని తీసుకుంటాం. ఏ పొజిషన్, ఎందుకు, టీములో లోటేమిటి, ఏదీ తేలదు. 2021లో నాలుగో పిక్‌తో కైల్ పిట్స్‌ని తీసుకున్నాడు. ఆ వెంటనే ఐదో పిక్‌లో జమార్ చేజ్ సిన్సినాటీకి వెళ్లాడు. ఏడులో పెనె స్యూవెల్ డెట్రాయిట్‌కి. పన్నెండులో మైకా పార్సన్స్ డాలస్‌కి. ఆ ముగ్గురూ స్టార్లయ్యారు. ఆ వరస నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. సరే, అది ఎంపికలో పొరపాటు. పొరపాట్లు అందరూ చేస్తారు. నా కోపం దాని మీద కాదు.

నా కోపం 2024 మీద.

ఆ ఏడాది మార్చిలో కర్క్ కజిన్స్‌ని మిన్నెసోటా నుంచి తెచ్చారు. ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపించేవాడు. నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లు, అందులో 10 కోట్లు గ్యారంటీ. ముప్పై ఐదేళ్ల మనిషి, అంతకుముందు అక్టోబర్‌లోనే కాలి మడమ దగ్గర అకిలీస్ తెగి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన్ని నమ్మించి, ఇదే నీ ఇల్లు అని కుటుంబంతో సహా రప్పించారు. ఆరువారాలు తిరిగాయి. ఏప్రిల్ 25, డ్రాఫ్ట్ రాత్రి, మన వంతు ఎనిమిది. టీవీ ముందు అందరం ఎడ్జ్ రషర్ కోసం చూస్తున్నాం, అంటే అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకి పడేసేవాడి కోసం. అలా పడేయడాన్నే సాక్ అంటారు. మన టీములో ఒక సీజన్‌లో పది సాక్‌లు చేసినవాడు 2016లో విక్ బీస్లీ తర్వాత అప్పటిదాకా ఒక్కడూ లేడు. ఆ రాత్రి మొదటి పద్నాలుగు పిక్‌లలో ఒక్క డిఫెన్స్ ఆటగాడు కూడా పోలేదు. ఒక్కడు కూడా! ఎనిమిదో నంబర్ దగ్గర దేశంలోని డిఫెన్స్ కుర్రాళ్లంతా మన ముందు వరసలో నిలబడి ఉన్నట్టే.

తీసుకున్నది ఎవర్ని? మైకేల్ పెనిక్స్ జూనియర్. ఇంకో క్వార్టర్‌బ్యాక్.

కజిన్స్‌కి ఎప్పుడు చెప్పారు? మన వంతు గడియారం నడుస్తుండగా ఫోన్ చేసి చెప్పారు. ఆరువారాల కిందట పది కోట్ల గ్యారంటీతో సంతకం పెట్టించుకున్న మనిషికి, నీ కుర్చీలోకి ఇంకొకడు వస్తున్నాడన్న సంగతి, ప్రపంచానికి తెలియడానికి కొద్ది నిమిషాల ముందు చెప్పారు.

తమ్ముడు దీనికి ఏమంటాడంటే, ముందే చెబితే లీకవుతుంది, వెనకున్న రైడర్సో బ్రాంకోసో ముందుకొచ్చి పెనిక్స్‌ని లాగేసుకునేవాళ్లు అని. రైడర్స్ దగ్గర దాచు, వద్దన్నానా? కజిన్స్ రైడర్స్ కాదు కదా! మన జెర్సీ వేసుకున్న మనిషి. ఆయనకు లీక్ చేయాల్సిన అవసరం ఏముంది? మార్చిలో సంతకం పెట్టించేటప్పుడే, ఒక కుర్రాణ్ణి కూడా తీసుకునే ఆలోచన ఉంది, ఇష్టమైతే రా అని అనొచ్చు కదా. అంటే ఆయన రాకపోవచ్చు. నాకు తెలిసినంతలో అసలు భయం అదే. దానికి వ్యూహం అని పేరు పెట్టకండి.

ఇది నాకెందుకు ఇంతగా గుచ్చుకుంటుందో చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట, కంపెనీ పేరు అక్కర్లేదు, మా మేనేజర్ కొత్తగా ఒక అబ్బాయిని టీములోకి తెచ్చాడు. "బాగా నేర్పించు, నీకు తోడుగా ఉంటాడు" అన్నాడు. నేర్పించాను. మూడు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని, నా నోట్స్ అన్నీ ఇచ్చి నేర్పించాను. ప్రతి వారం మీటింగ్‌లో అడిగేవాణ్ణి, అంతా బాగానే ఉందా అని. అంతా బాగుంది అనేవాడు. ఒక గురువారం పొద్దున పదినిమిషాల కాల్, హెచ్ఆర్ అమ్మాయి కూడా లైన్లో ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఆ కాల్ తర్వాత ఏం మొదలవుతుందో తెలుసు. అరవై రోజులు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా పెట్టె సర్దాలి. మా పాపకు అప్పుడు స్కూల్ మధ్యలో ఉంది. ఆ మేనేజర్ మీద నాకు ఈరోజుకీ కోపం ఉద్యోగం తీసినందుకు కాదు. ముందు నెలలో చెప్పి ఉంటే నాకు అరవై కాదు, తొంభై రోజులు ఉండేవి. ఆ ముప్పై రోజులు నావి. ఆయన మౌనంతో వాటిని తినేశాడు.

కజిన్స్‌కి కోట్లున్నాయి, నీకూ ఆయనకూ పోలికేంటి అని నిన్న ఒకాయన అన్నాడు. డబ్బులో పోలిక లేదు, ఒప్పుకుంటాను. ఆ ఫోన్ ఎత్తినప్పుడు కడుపులో తిప్పినట్టయ్యే దాంట్లో ఉంది.

ఇంకా మంట పుట్టించే సంగతి వినండి. ఇంత గుట్టుగా ఉండే టీము, గుట్టుగా ఉండాల్సిన చోట దొరికిపోయింది. ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు కొత్త టీము చూసుకునే వేళ, అనుమతించిన సమయం కంటే ముందే కజిన్స్‌తోనూ ఇంకో ఇద్దరు ఆటగాళ్లతోనూ మాట్లాడకూడని మాటలు మాట్లాడారని లీగ్ తేల్చింది. అది ఎలా బయటపడింది? కజిన్స్ తన మొదటి ప్రెస్ మీట్‌లో, మన ట్రైనర్‌తో ముందే మాట్లాడానని అమాయకంగా చెప్పేశాడు. పాపం ఆయనకు దాచాలని కూడా తెలియదు. టీముకు రెండున్నర లక్షల డాలర్ల ఫైన్, ఫాంటెనోకి విడిగా యాభై వేలు, 2025 ఐదో రౌండ్ పిక్ గల్లంతు. అంటే ఈ గురువారం మొదలయ్యే డ్రాఫ్ట్‌లో మనకు ఆ రౌండే లేదు. మూడో రౌండ్ కూడా లేదు, మాథ్యూ జూడాన్ కోసం న్యూ ఇంగ్లండ్‌కి ఇచ్చేశాం. ఆయన ఒక సీజన్ ఆడి ఐదున్నర సాక్‌లు చేశాడు. మొత్తం చేతిలో ఉన్నవి ఐదు పిక్‌లు: 15, 46, 118, 218, 242. కిందటి సీజన్‌లో టీమంతా కలిసి 31 సాక్‌లు, లీగ్‌లో కింది నుంచి రెండో స్థానం. పెట్టె దాదాపు ఖాళీ. అయినా తాళం మాత్రం పెద్దది.

ఆ సీజన్ ఎలా నడిచిందో మళ్లీ చెప్పాలా? ఆరు గెలుపులు, మూడు ఓటములతో (6-3) మొదలెట్టి, వరసగా నాలుగు ఓడి, డిసెంబర్‌లో కజిన్స్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి, 8-9తో ముగించాం. మన నాలుగు టీముల డివిజన్‌లోనే ఉన్న టాంపాని రెండుసార్లు ఓడించి కూడా ఆ డివిజన్ వాళ్లకే వదిలేశాం. 2017 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. పెనిక్స్ బాగా ఆడతాడనే నా నమ్మకం, ఆ కుర్రాడి ఎడమచేతి విసురు చూస్తే ముచ్చటేస్తుంది. వాడి మీద నాకు ఏమీ లేదు.

కానీ నా అసలు బాధ పెనిక్స్ దగ్గర మొదలవలేదు, కజిన్స్ దగ్గరా కాదు. రాస్తూ రాస్తూ ఇక్కడికే వస్తానని నాకు తెలుసు.

మ్యాట్ ర్యాన్.

2008లో మూడో పిక్. పద్నాలుగు సీజన్లు. 2016లో ఎంవీపీ, అంటే లీగ్ మొత్తానికీ ఆ ఏటి మేటి ఆటగాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఈ ఆట నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆఫీసులో పక్క సీటు పెద్దాయన ర్యాన్‌ని చూపించి నేర్పించాడు. సూపర్ బౌల్ ఫైనల్లో 28-3తో ముందుండి ఓడిన రాత్రి కూడా ర్యాన్‌తోనే ఏడ్చాం. అలాంటి మనిషి మన క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగానే, 2022 మార్చిలో ఆయన్ని పక్కన పెట్టి డిషాన్ వాట్సన్ వెంట పడ్డారు. అప్పటికి వాట్సన్ మీద ఇరవైమందికి పైగా మహిళలు వేసిన సివిల్ కేసులు నడుస్తున్నాయి. ఆడపిల్ల తండ్రిగా నాకు ఆ వార్త చదివిన రోజు ఫాల్కన్స్ జెండా ఇంటి ముందు ఉంచబుద్ధి కాలేదు. తీసి లోపల పెట్టాను. చివరికి వాట్సన్ క్లీవ్‌లాండ్ ఎంచుకున్నాడు. ఆ మూడు రోజులకు ర్యాన్‌ని ఇండియానాపొలిస్‌కి పంపేశారు. బదులుగా వచ్చింది ఒకే ఒక్క మూడో రౌండ్ పిక్. పద్నాలుగేళ్లకు ఒక మూడో రౌండ్ పిక్! పైగా ఆయన వెళ్లినందుకే 4 కోట్ల డాలర్లకు పైగా జీతాల లెక్కలో ఖాళీగా మోశాం.

ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్‌లుగా మారియోటా, రిడర్, హైనికీ. ఆ రెండేళ్ల ఎడారి దాటడానికే కదా కజిన్స్‌కి అంత డబ్బు పోయాల్సి వచ్చింది? అంతా ఒకదాన్నుంచి ఒకటి వచ్చింది.

2024 అక్టోబర్ 3, గురువారం రాత్రి, టాంపాతో మ్యాచ్. నేను స్టేడియంలో ఉన్నాను, పై అంతస్తులో. హాఫ్‌టైమ్‌లో ర్యాన్‌ని రింగ్ ఆఫ్ ఆనర్‌లో, అంటే టీము గొప్పవాళ్ల గౌరవ జాబితాలో, చేర్చారు. అందరం లేచి నిలబడ్డాం. అదే రాత్రి కజిన్స్ 509 గజాలు విసిరి, ఓవర్‌టైమ్‌లో గెలిపించి, ఒక మ్యాచ్‌లో ర్యాన్ పేరు మీదున్న 503 గజాల టీమ్ రికార్డు దాటాడు. ఒకే మైదానంలో ఇద్దరూ. మొదటివాడు ఉండగానే ఇంకొకరి కోసం తిరిగారు. రెండోవాడికి వారసుడి సంగతి ఆఖరి నిమిషంలో చెప్పారు. ఆ రాత్రి పక్కన అందరూ అరుస్తున్నారు, నేనూ అరిచాను, కానీ ఆ రెండూ నా మనసులో అలాగే ఉన్నాయి.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. లంక సామెత చెప్పావు కదా. విభీషణుడు గుట్టు చెప్పింది ఎప్పుడు? నిండు సభలో నాలుగు మంచి మాటలు చెబితే విని ఉంటే ఆయన లంకలోనే ఉండేవాడు. అవమానించి వెళ్లగొట్టాక కదా సముద్రం దాటాడు. సొంతవాణ్ణి నమ్మకపోవడంతో మొదలైంది ఆ చేటు. నువ్వు సామెతలో రెండో సగమే గుర్తుపెట్టుకున్నావు.

ఈ 2025 ఏప్రిల్ నాటికి కజిన్స్ ఇంకా మన దగ్గరే ఉన్నాడు. మార్చిలో ఇంకో కోటి డాలర్ల బోనస్ కూడా ఆయన ఖాతాలో ఖాయమైంది. ఆయన్ని ఉంచుతారా, పంపుతారా, బెంచ్ మీదే కూర్చోబెడతారా? దీనికి ఏ టీమూ మన ముందుకు దూకి ఎగరేసుకుపోయేది ఏమీ లేదు. ఆ మాటైనా ఆయనకు సూటిగా చెప్పారా అన్నది నాకు కావాలి. పదిహేనో పిక్ ఎవరన్నది గురువారం రాత్రి చూసుకుంటాను, అప్పటిదాకా చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి మా ఇంటికే రా. నిన్న గొంతు పెంచినందుకు ఏమనుకోకు. ఎనిమిదికి మొదలవుతుంది, మన వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, భోజనం ఇక్కడే. ఎడ్జ్ రషర్‌ని తీసుకుంటే నీకంటే గట్టిగా నేనే అరుస్తాను. ఆ సామెత మాత్రం నా ముందు మళ్లీ ఎత్తకు.