చిన్ననాటి సైకిల్ ప్రశ్న గారికి, నల్లగొండ నుంచి

గౌరవనీయులైన ప్రశ్న గారికి,

నమస్కారం. నేను మీకు తెలియదు. విదేశీ చదువులకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ నేను రాయలేదు, ఇక రాయబోను కూడా. రాసేది మా అన్న కూతురు. ఇంట్లో దానికి ఎగ్జామినర్ డ్యూటీ మాత్రం నాకు పడింది. సాయంత్రం అన్నాల వేళకు ముందు ఫోన్‌లో స్పీకింగ్ ప్రశ్నల లిస్టు చూస్తూ, నవ్వకుండా మిమ్మల్ని చదువుతాను: చిన్నప్పుడు మీకు సైకిల్ ఉండేదా? ఇంగ్లిష్‌లోనే లెండి.

జవాబు టక్కున వస్తుంది. ఉండేది. ఎర్రది. పుట్టినరోజుకు నాన్న కొనిచ్చాడు. ఆదివారాలు పార్కులో వెనకాల పట్టుకుని నేర్పాడు. ఓ రోజు పడింది, మోకాలు దోక్కుపోయింది, లేచి మళ్లీ ఎక్కింది, పట్టుదల అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

ఈ సైకిల్ దానొక్కదానికే ఉందనుకునేరు. బ్యాచ్ మొత్తానికీ ఉంది. దేవరకొండ పిల్లాడికీ, మిర్యాలగూడ అమ్మాయికీ, హాలియా నుంచి బస్సులో వచ్చే అబ్బాయికీ అదే ఎరుపు, అదే పార్కు, అదే మోకాలు. అందరూ ఒకటే చెబితే పట్టేస్తారు, రంగన్నా మార్చుకోండని కోచింగ్ సారు అన్నాడట. ఇద్దరు ముగ్గురు నీలానికి మారారు.

లోపల చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. కానీ రెడ్డు, సైకిలు, డాడీ అన్న మూడు ముక్కలు ఆమెకు చాలు.

"యాడిదే ఎర్ర సైకిలు? మీ నాయిన సైకిలెప్పుడు కొన్నడు? ఉన్నదొక్కటే నల్లది. అది మా నాయిన పెట్టిండు, నా పెండ్లికి. వాచీ పెట్టిండు, సైకిలు పెట్టిండు, రేడియోనే ఎగ్గొట్టిండు."

"నాయనమ్మా, అది పరీక్షకు!"

"పరీక్షల అబద్ధం జెప్తే మార్కులేస్తరా?"

వేస్తారు కదండీ మీరు. ధారాళంగా మాట్లాడిందా, మాటలు ఎన్ని రకాలు వాడింది, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ నాలుగింటికీ సమానంగా పంచారు మార్కులు. నిజానికంటూ ఐదో గడి పెట్టలేదు. కోర్టులో కూడా ఇంత స్వేచ్ఛ లేదు.

నిజమే చెబితే పిల్ల జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: లేదు. అది బడికి వెళ్లింది ఆటోలో, బ్యాగులు బయట వేలాడుతుంటే డ్రైవర్ పక్కన అర అంగుళం జాగాలో. అందుకే ఓసారి తాత సైకిల్‌ను అరువు తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టింది. మా నాయనది గీత పని. క్యారియర్‌కు అటొకటి ఇటొకటి కల్లు లొట్లు, ఊగకుండా పాత ట్యూబు ముక్కతో బిగింపు, హ్యాండిల్‌కు మోకు. పొద్దంతా ఆ సైకిల్‌కు తాటివనం డ్యూటీ. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తేనే అది అన్నకూ నాకూ దక్కేది. సీటు మా తలలకంటే ఎత్తు. అడ్డపైపు సందులోంచి కుడికాలు దూర్చి, సీటును చంకలో ఇరికించుకుని, పెడల్ పూర్తిగా తిరగక సగం సగం కొడుతూ కైంచీ తొక్కేవాళ్లం. నిక్కరుకు గ్రీజు అంటిందంటే ఇంట్లో సాక్ష్యం దొరికినట్టే.

పిల్ల చక్కగానే చెబుతోంది. కానీ స్పీకింగ్ మొదటి భాగానికి మీరిచ్చేదే 4 నుంచి 5 నిమిషాలు, మీ వెనకాల ఇంకా వేరే టాపిక్‌లు కాచుకుని ఉంటాయి. లొట్ల దగ్గరికి వచ్చేసరికి నేనే రూలు ప్రకారం 'థ్యాంక్యూ' అని ఆపి, మీకు అద్దంలో చూసుకోవడం ఇష్టమా అని అడగాల్సి వచ్చింది. అమ్మ లోపల్నుంచి నన్ను తిట్టింది.

మీ తోబుట్టువులకూ రెండు మాటలు. సైకిల్ అన్ని వయసుల వాళ్లకూ పనికొస్తుందా అని అడిగేవారికి: మా ఊళ్లో ఒకటే సైజు ఉండేది, వయసే సర్దుకునేది. ఇప్పుడు తొక్కుతున్నారా అనేవారు ఓసారి నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద బియ్యం లారీల మధ్య తొక్కి చూపిస్తే, జవాబు వాళ్లకే తెలుస్తుంది. మీ దేశంలో సైకిల్‌కు ఆదరణ ఉందా అంటారా? 1983లో ఆ గుర్తుతో ఒక పార్టీ ఏకంగా ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. 2020లో ప్రపంచ సైకిల్ దినోత్సవం, జూన్ 3, నాడే అట్లాస్ సైకిళ్ల కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. రెండూ కలిపి మీరే లెక్క వేసుకోండి.

ఫీజు సంగతి మాట్లాడకూడదనుకున్నాను గానీ ఆగడం లేదు. 15 వేలు దాటింది. ఆ డబ్బుతో మామూలు సైకిళ్లు రెండొస్తాయి, ఒకటి ఎర్రదే కొనొచ్చు. అప్పుడు పిల్ల చెప్పేదాంట్లో సగమైనా నిజమవుతుంది. పైగా మీ స్కోరు చెల్లేది రెండేళ్లే. ఆలోగా సీటు రాకపోతే, వీసా పడకపోతే, అదే బాల్యాన్ని మళ్లీ ఫీజు కట్టి మళ్లీ చెప్పాలి.

మీరు నాలుగు నెలలకోసారి మారిపోతారని కోచింగ్ సారు చెబుతున్నాడు. ఈసారి పడవలు రావచ్చని ఆయన అంచనా. బ్యాచ్ అంతా నిన్ననే తాతల చేయి పట్టుకుని సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసొచ్చింది, క్లాసురూములో కూర్చునే. మా అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పడవలు ఖాయమైతే ఓ వారం ముందు కబురు పెట్టండి, ఆమెను మా అక్క వాళ్లింటికి పంపిస్తాం.

ఇట్లు,
ఇంటి ఎగ్జామినర్, నల్లగొండ