ఆ చిన్న బాటిల్‌లో ఉన్నది క్యాన్సర్ టెస్ట్ కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చెవులపిల్లి, అంటే కుందేలు, నెత్తురు నుంచి తీసిన యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే పదార్థం) ఆన్‌లైన్‌లో దొరుకుతుందట, మన రక్తం ఒక చుక్క అందులో కలిపి రంగు మారితే క్యాన్సర్ ఉన్నట్టేనట, పాలీక్లోనల్ కాబట్టి అన్ని క్యాన్సర్లూ ఒకేసారి తెలుస్తాయట, బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) చేయిస్తే గడ్డ పాకిపోతుందట. ల్యాబ్‌లో రోజూ నా పని ఈ బాటిళ్లతోనే. రొమ్ములో గడ్డ ఉన్న మా పెద్దమ్మ ఇది చదివి సూది పరీక్ష, అంటే సూదితో చేసే బయాప్సీ, మానేసింది, అందుకే రాస్తున్నాను.

ముందు "పాలీక్లోనల్ అంటే అన్ని క్యాన్సర్లు" అన్న మాట. కాదండీ. మనిషి ప్రోటీన్ ఒకదాన్నో, దాని ముక్కనో కుందేలుకి ఇంజెక్షన్‌గా ఇస్తారు, కొన్ని వారాల తేడాతో బూస్టర్లు వేస్తారు. అప్పుడు కుందేలు ఒంట్లో ఎన్నో బీ కణాలు (యాంటీబాడీలు తయారుచేసే రక్తకణాలు) తలో రకం యాంటీబాడీ తయారుచేస్తాయి, అవన్నీ పట్టుకునేది ఆ ఒక్క ప్రోటీన్‌నే, కాకపోతే తలో చోట. "పాలీ" అన్నది ఆ కణాల సంగతి, జబ్బుల సంగతి కాదు. తర్వాత చెవి రక్తనాళం నుంచి నెత్తురు తీసి, సీరం వేరుచేసి, శుద్ధి చేస్తారు. ఇంత చేసినా పోలిక ఉన్న ఇంకో ప్రోటీన్‌కి అతుక్కునే ప్రమాదం ఉంటుంది, కుందేలు మారితే సరుకూ మారుతుంది. అందుకే మేం ఆ ప్రోటీన్ అసలు లేని కణాలను కూడా పక్కన పెట్టి పరీక్షిస్తాం. వాటిలోనూ ప్రోటీన్ దొరికినట్టు గీత కనిపించిందంటే ఆ బాటిల్‌ని నమ్మం.

రంగు విషయానికొస్తే, యాంటీబాడీకి రంగే లేదు. కుందేలు యాంటీబాడీని పట్టుకునే మేక యాంటీబాడీ ఇంకొకటి పోయాలి, దానికి అంటించిన ఎంజైమ్‌కి డీఏబీ అనే రసాయనం తగిలితే గోధుమరంగు వస్తుంది. మధ్యలో కడగడం సరిగ్గా లేకపోతే కణాలు పెట్టిన గాజు స్లైడంతా గోధుమరంగే! అన్నీ సరిగ్గా చేసినా ఆ రంగు చెప్పేది ప్రోటీన్ ఉందని మాత్రమే, జబ్బు ఉందని కాదు. హెర్2 ప్రోటీన్ ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణాల్లో కూడా కొద్దిగా ఉంటుంది.

అలాగని కుందేలు యాంటీబాడీ ఆసుపత్రికి పనికిరాదని నేననను, అది అబద్ధమవుతుంది. 1998లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన, హెర్2 ఎంత ఉందో చూసే హెర్సెప్‌టెస్ట్‌లో ఉన్నది కుందేలు పాలీక్లోనలే. కానీ దాన్ని వాడేది బయాప్సీలో రొమ్ము క్యాన్సర్ అని తేలిపోయిన ముక్క మీద. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ స్లైడ్లతో పోల్చి పాథాలజిస్టు (కణజాలాన్ని పరీక్షించే డాక్టరు) 0 నుంచి 3+ వరకు స్కోరు ఇస్తారు, హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు పనికొస్తుందో లేదో దాన్నిబట్టి చూస్తారు. అంటే బయాప్సీ లేకుండా ఆ టెస్టే లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే బాటిల్ మీదైతే "పరిశోధనకు మాత్రమే" అని రాసే ఉంటుంది, మెసేజ్ పంపినవాళ్లు ఆ ఒక్క ముక్క వదిలేశారు.

సూది గుచ్చితే రొమ్ము క్యాన్సర్ ముదురుతుందనడానికి ఆధారం లేదు. పరీక్ష ఆలస్యమైతే మాత్రం గడ్డ పెరగడానికి టైమ్ ఇచ్చినట్టే.

కుందేలు నెత్తురు కలిపిన తలనూనెలు మనవైపు అమ్ముతారు కాబట్టి ఈ మాట కూడా చాలామందికి నిజమే అనిపించి ఉంటుంది. పెద్దమ్మకి నిన్న రాత్రి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. "మరి ముందే చెప్పొచ్చు కదరా" అంది. సోమవారం పొద్దున్నే బస్సుకి బరంపురం తీసుకెళ్తున్నాను, సూది పరీక్షకి.