వేగం కావాలా? ముందు వోల్టేజీ తగ్గించండి

తక్కువ బడ్జెట్‌లో ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసుకుంటామని (అంటే కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడుపుకుంటామని) ఎవరైనా అడిగితే, వినిపించే మొదటి సలహా పెద్ద కూలర్ కొనమని. మూడు ఫ్యాన్ల లిక్విడ్ కూలర్, ఖరీదైన మదర్‌బోర్డు, దానికి తగ్గ పవర్ సప్లై. ఇవన్నీ కొనే డబ్బుతో అసలు పై మెట్టు ప్రాసెసరే వచ్చేస్తుంది. బడ్జెట్ మనిషికి ఇంతకంటే చెడ్డ సలహా లేదు. వేడిని ఎలా బయటికి తోయాలన్నది తర్వాతి ప్రశ్న. అనవసరమైన వేడి పుట్టకుండా చూసుకోవడంతో పని మొదలవ్వాలి. అలా మొదలుపెట్టినవాళ్లకు నాలుగు హీట్‌పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ ఎయిర్ కూలర్ చాలు.

1998లో వచ్చిన సెలరాన్ 300ఏ కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. చిప్ వేగానికి ఆధారమైన సిస్టమ్ బస్‌ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450కి వెళ్లేది. ఖర్చు లేకుండా 50 శాతం వేగం! ఆ రోజులు మళ్లీ రావు. ఇప్పటి ప్రాసెసర్లు ఫ్యాక్టరీ నుంచే దాదాపు చివరి అంచు వరకు సాగదీసి వస్తున్నాయి. కానీ ఆ పాత అలవాటు మాత్రం చాలామందిని వదల్లేదు. బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) తెరవగానే మల్టిప్లయర్ (మూల క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య) పెంచుతారు, సిస్టమ్ ఆగిపోతే వోల్టేజీ పెంచుతారు, వేడెక్కితే కూలర్ మారుస్తారు.

ఈ పద్ధతి ఎందుకు నష్టమో ఒక్క చిన్న లెక్క చెబుతుంది. చిప్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు ఫ్రీక్వెన్సీకి నేరుగా అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గానుపాతంలో పెరుగుతుంది. ఒక ప్రాసెసర్ 1.20 వోల్టుల దగ్గర 4.4 గిగాహెర్ట్జ్‌తో నడుస్తోంది అనుకుందాం. దాన్ని 4.7కి తేవడానికి 1.35 వోల్టులు కావలసి వస్తే, పెరిగిన వేగం 7 శాతం లోపే. పెరిగిన విద్యుత్తు మాత్రం దాదాపు 35 శాతం. అదంతా వేడిగా మారాల్సిందే. పైగా చిప్ వేడెక్కే కొద్దీ లీకేజీ కరెంటు (పనికి రాకుండా కారిపోయే కరెంటు) పెరుగుతుంది, అది మళ్లీ వేడిని పెంచుతుంది. ఆ 7 శాతం కోసం పెద్ద కూలర్ కొనడమంటే, కుండకు చిల్లు పెట్టి నీళ్లు ఎక్కువ పోయడమే.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఉత్సాహం కలిగించేది ఇదే. ఫ్రీక్వెన్సీ మార్చకుండా వోల్టేజీని 1.30 నుంచి 1.20కి తగ్గించగలిగితే, విద్యుత్తు వాడకం సుమారు 15 శాతం తగ్గుతుంది. తగ్గించే వీలు ఎక్కడినుంచి వచ్చిందంటే, కంపెనీ ఒకే మోడల్ పేరుతో వేల చిప్‌లు అమ్మాలి. వాటిలో బలహీనమైనది కూడా తడబడకుండా నడవాలి కాబట్టి వోల్టేజీని అన్నిటికీ కాస్త ఎక్కువగానే నిర్ణయిస్తుంది. మీ చేతిలో ఉన్న చిప్ ఆ బలహీనమైనదే కావడానికి అవకాశం తక్కువ. ఆ మిగులు మీది. ఇప్పటి ప్రాసెసర్లు ఉష్ణోగ్రత, కరెంటు, విద్యుత్తు పరిమితులు చూసుకుంటూ వాటంతట అవే బూస్ట్ అవుతాయి, అంటే వేగం పెంచుకుంటాయి. కాబట్టి వోల్టేజీ తగ్గిస్తే, ఆ మిగులును చిప్పే వేగంగా మార్చుకుంటుంది. వేడి తగ్గి, వేగం పెరిగి, ఫ్యాన్ శబ్దం తగ్గడం ఒక్క మార్పుతో జరుగుతాయి. ఏఎండీ 2020 చివర్లో రైజెన్ 5000 సిరీస్‌తో తెచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ సరిగ్గా ఈ పనికే పుట్టింది. ఒక్కో కోర్‌కి విడిగా వోల్టేజీ తగ్గించుకోవచ్చు.

కూలర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. రైజెన్ 7000లో కోర్లు ఉండే సిలికాన్ ముక్క వైశాల్యం దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లు. ఇంత చిన్న చోటు నుంచి వేడి పైనున్న లోహపు మూతకు, అక్కడినుంచి కూలర్‌కు చేరాలి. ఇరుకు అక్కడే ఉంది. రేడియేటర్‌ని రెట్టింపు చేసినా ఆ ఇరుకు వెడల్పు కాదు. మధ్యస్థాయి చిప్‌కి మంచి టవర్ కూలర్‌కీ పెద్ద లిక్విడ్ కూలర్‌కీ తేడా ధరలో కనిపించినంతగా ఉష్ణోగ్రతలో కనిపించకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. టవర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని తక్కువ ధరకే మార్చుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగిపోతే మొత్తం యూనిట్ చెత్తబుట్టకే. ఇంకో మాట, టవర్ ఫ్యాన్ తోసే గాలి పక్కనున్న వీఆర్‌ఎమ్‌లకు (ప్రాసెసర్‌కి వోల్టేజీ అందించే మదర్‌బోర్డు భాగాలకు) కూడా కొంత తగులుతుంది. తక్కువ ధర బోర్డుల్లో ముందు వేడెక్కి ప్రాసెసర్ వేగాన్ని కిందికి లాగేవి అవే. మిగిలిన డబ్బుతో క్యాబినెట్‌కి ముందొక ఫ్యాన్, వెనకొక ఫ్యాన్ పెట్టుకోండి.

ఇక స్థిరత్వం. సగం మంది మోసపోయేది ఇక్కడ. సినీబెంచ్ అనే వేగ పరీక్ష ఒకసారి పూర్తయితే సిస్టమ్ స్టేబుల్ అని ప్రకటించేస్తారు. అన్ని కోర్లూ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ తక్కువగానే ఉంటుంది, అందుకని ఆ పరీక్ష తేలిగ్గా గట్టెక్కుతుంది. అసలు ప్రమాదం తేలిక పనుల్లో ఉంది. బ్రౌజర్‌లో ఏదో చదువుతుంటే ఒక్క కోర్ గరిష్ఠ బూస్ట్‌కి ఎగిరి, తగ్గించిన వోల్టేజీ అక్కడ సరిపోక, సిస్టమ్ చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అవుతుంది. అందుకే ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ లాంటివి రాత్రంతా నడపాలి. ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్ కూడా విలువైనదే. అది చిప్‌ని వేడెక్కించి ఊరుకోదు, చేసిన గణితాన్ని తెలిసిన జవాబుతో పోల్చి తప్పు దొరికితే చెబుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (WHEA) ఎర్రర్, అంటే హార్డ్‌వేర్ తప్పు నమోదు, ఒక్కటి కనిపించినా సెట్టింగ్ వెనక్కి తీసుకోవాలి. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. ఫైల్‌లో ఒక బిట్ మారిపోతే నెలల తర్వాత గానీ తెలియదు, అప్పటికి బ్యాకప్‌లోకీ ఆ తప్పే చేరి ఉంటుంది.

సాధారణంగా చిప్‌లో అత్యుత్తమం అని గుర్తించిన కోర్లకే తక్కువ వోల్టేజీ కోత పెట్టాలి. వాటిని ఫ్యాక్టరీలోనే అంచుకి తెచ్చి ఉంటారు. మిగతావి ఎక్కువ కోతను తట్టుకుంటాయి. మెమరీ వేగాన్ని మాత్రం ఇదంతా తేలేవరకు ముట్టుకోకండి. రెండూ కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

ఇంత కష్టపడితే వచ్చేది నాలుగైదు శాతమేగా, ప్రాసెసర్లు వాటంతట అవే బూస్ట్ అవుతున్నప్పుడు ఈ టెన్షన్ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. వారంటీ గురించి కూడా అడుగుతారు. వారంటీ భయం న్యాయమైనదే, షరతులు చదివే చేయాలి. కానీ మొదటి ప్రశ్న వేగాన్ని ఒక్కటే కొలుస్తోంది. తక్కువ వేడితో, తక్కువ శబ్దంతో, తక్కువ కరెంటుతో అదే పని జరగడం లాభమే. బూస్ట్‌ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చూశాం. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల అవి అస్థిరమయ్యాయని కంపెనీయే ఒప్పుకుని, 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఇబ్బందిపడ్డవాళ్లలో చాలామంది బయోస్‌లో ఏదీ మార్చని మామూలు వినియోగదారులు.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ మిగులును వాడుకునే హక్కు కొన్నవాడికి ఎందుకు లేదు? 2011లో శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ మల్టిప్లయర్ స్వేచ్ఛను ప్రధానంగా ఖరీదైన కే మోడళ్లకు (పేరు చివర K ఉన్నవాటికి) పరిమితం చేసింది. 2015 చివర్లో మదర్‌బోర్డు కంపెనీలు స్కైలేక్ తరంలో బేస్ క్లాక్ (మల్టిప్లయర్‌తో గుణించే మూల క్లాక్) ద్వారా మామూలు మోడళ్లకూ దారి తెరిస్తే, 2016 మొదట్లో ఇంటెల్ మైక్రోకోడ్‌తో ఆ దారి మూసేసింది. అదే సిలికాన్, అదే బోర్డు. నిన్న నడిచింది ఇవాళ నడవలేదు.

తాళానికి నిజమైన కారణం ఉంటే నేను అభ్యంతరం చెప్పను. 2022లో రైజెన్ 7 5800ఎక్స్3డీని ఏఎండీ లాక్ చేసింది. కోర్ల పైన పేర్చిన క్యాష్ మెమరీ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఎక్కువ వోల్టేజీకి తట్టుకోదని కారణం చెప్పింది. 2024లో 9800ఎక్స్3డీలో క్యాష్‌ని కోర్ల కిందికి మార్చాక తాళం తీసేసింది. పద్ధతి అంటే ఇలా ఉండాలి.

ఇప్పుడు ప్లండర్‌వోల్ట్ సంగతి చూడండి. వోల్టేజీని తగ్గించి ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే రక్షిత విభాగంలో లెక్కలు తప్పేలా చేయొచ్చని 2019 డిసెంబరులో పరిశోధకులు బయటపెట్టారు. దానికి జవాబుగా సాఫ్ట్‌వేర్ నుంచి వోల్టేజీ మార్చే వీలును ఎన్నో ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్‌తో తీసేశారు. ల్యాప్‌టాప్‌కి పెద్ద కూలర్ పెట్టుకోలేం. అక్కడ వేడి తగ్గించుకునే చవకైన, మంచి మార్గం వోల్టేజీ కోతే. ఎస్‌జీఎక్స్ అంటే ఏమిటో తెలియని, దాన్ని ఎప్పుడూ వాడని లక్షల మంది ఆ మార్గం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత 11, 12వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ ఎస్‌జీఎక్స్‌నే తప్పించింది. కాపాడాల్సిన విభాగం లేని యంత్రంలో వోల్టేజీ మీటకు తాళం ఎందుకు? బయోస్‌లో ఒక స్విచ్ పెట్టి, ప్రమాదం ఏమిటో పక్కనే రాసి, నిర్ణయం యజమానికి వదిలేస్తే సరిపోయేది. ప్రాసెసర్ పెట్టె మీద క్లాక్ వేగం రాసినట్టే, ఈ చిప్‌లో వోల్టేజీ తగ్గించుకునే వీలుందో లేదో కూడా రాయాలి. డబ్బు కట్టక ముందే ఆ విషయం కొనేవాడికి తెలియాలి.