పైలట్ అడ్డుగా ఉన్నాడు

పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను నాలుగు నెలలు కూర్చుని కట్టిన మిగ్-21 విమానం బిస్ రకం నమూనాను కాఫీ చల్లారిపోయేదాకా పరీక్షించి, "అంతా బాగానే ఉంది గానీ, ఆ పైలట్ ఎందుకండీ? డీటెయిలంతా వాడి వెనకే పోయింది" అని తీర్పు చెప్పారు. యుద్ధవిమానంలో మనిషిని కూర్చోబెట్టడం తప్పని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయినందుకు పాఠకులు నన్ను మన్నించాలి.

ఇటువంటివారు మీకు తెలియకపోరు. వీరి మతం పేరు వాస్తవికత. 1:48 కొలతలో 7.15 మీటర్ల రెక్కల వెడల్పు జానెడుకు కూడా రాదు. 5 మిల్లీమీటర్ల రివెట్టు తల తలవెంట్రుక మందానికి దిగిపోతుంది. ఆ వెంట్రుక చుక్కలు వరుస తప్పాయేమో చూడటానికి వీరు జేబులో భూతద్దం పెట్టుకుని తిరుగుతారు. బొమ్మకు అడుగు దూరాన నిలబడి చూడటమంటే లెక్కప్రకారం అసలు విమానానికి 48 అడుగుల దూరాన నిలబడటమే. అంత దూరం నుంచి రివెట్లు లెక్కపెట్టగల కళ్ళుంటే, వైమానిక దళం వారు వీరిని సరిహద్దులో ఒక స్టూలు వేసి కూర్చోబెట్టి రాడార్ల ఖర్చు తగ్గించుకోవచ్చు.

చివరి మెరుగులకు ఒక శాస్త్రం ఉన్న మాట నిజమే. మెరుపు వార్నిష్ కొట్టి, విమానం గుర్తులు అచ్చేసి ఉండి నీళ్ళలో నానిన డీకాల్స్‌ను కింద గాలి చిక్కకుండా అంటించి, టర్పెంటైన్‌లో పలచన చేసిన ముదురు ఆయిల్ రంగును రేకుల అతుకుల్లోకి పారించి, మిగిలింది దూదిపుల్లతో తుడిచేసి, ఆ తరువాత మ్యాట్ వార్నిష్ కొట్టాలి. మా పెద్దమనిషి సంప్రదాయంలో ఆ తుడవడమనే ఘట్టం లేదు. ఆయన విమానాలన్నీ గళ్ళ లుంగీలు కట్టుకుని నిలబడతాయి.

ఆదివారం పరీక్ష ముక్కు దగ్గర మొదలైంది. గాలి వేగాన్ని కొలిచే పిటో గొట్టం మిగ్-21కు ముందుకు పొడుచుకుని ఉంటుంది. 1963లో మనకు మొదట వచ్చిన ఎఫ్-13 రకానికి అది ముక్కు కింద ఉండేది. ఆ తరువాతి రకం ఎఫ్ఎల్‌లో పైకెక్కి నడిమధ్యన కూర్చుంది. బిస్ నాటికి కుడివైపుకు జరిగింది. నేనూ కుడివైపుకే జరిపాను, కాకపోతే అర మిల్లీమీటరు తక్కువ జరిపానట. ఆ గొట్టం చొక్కా చేతికి తగిలి మూడుసార్లు విరిగిందనీ, మూడోసారి ఊడుస్తున్న మా ఆవిడ "ఏమండీ, ఈ సూది మీదేనా?" అంటూ చేట నిండా దుమ్ముతో తెచ్చి ఇచ్చిందనీ విన్నవించుకున్నాను. ఆయన దాన్ని తగ్గింపుకు తగిన కారణంగా స్వీకరించలేదు.

తరువాత ఫోను టార్చి వేసి కాక్‌పిట్‌లోకి తొంగిచూశారు. లోపల నువ్వుగింజంత డయళ్ళు, అంతకంటే చిన్న బెల్టు బకిల్స్, అన్నీ పలచటి ఇత్తడి రేకులోంచి కత్తిరించి పెట్టినవే. వాటి ముందు హెల్మెట్ పెట్టుకుని, అంగుళం ఎత్తున ఒక కుర్రవాడు కూర్చున్నాడు. బొమ్మ కిట్ డబ్బాలో వచ్చినవాడే.

"కెనపీ, అదే ఆ అద్దపు మూత, దేంతో అంటించారు?" అన్నారు.

"ఫెవికాల్‌తోనండీ. సూపర్ గ్లూ అయితే దాని ఆవిరికి అద్దం పొగబారుతుంది కదా."

"మరింకేం, తడిబట్ట కాసేపు ఆనిస్తే వదులుతుంది. పట్టకారుతో భుజాలు పట్టుకుని వాణ్ణి మెల్లగా పైకి లాగెయ్యండి. సీటు మాత్రం జాగ్రత్త."

సీటు క్షేమంగా లోపలే ఉండి మనిషి ఒక్కడే ఊడివచ్చే ఈ ఎజెక్షన్ పద్ధతి రష్యన్ ఇంజనీర్లకు ఎందుకు తట్టలేదో తెలియదు. లాగిన తరువాత అతన్ని ఏం చేయాలని అడిగాను. నిచ్చెన పక్కన నిలబెట్టమన్నారు. కూర్చున్న భంగిమలో పోసిన బొమ్మ నిలబడదని మనవి చేశాను. తొడల దగ్గర కోసి, నిటారుగా తిప్పి అతికించి, సందులో పుట్టీ పూయమన్నారు. అంత శస్త్రచికిత్స నా చేత కాదన్నాను. "అయితే స్పేర్ల డబ్బాలో పడేయండి. మా ఇంట్లో బిస్కెట్ డబ్బా నిండా ఉన్నారు, ఓ ముప్పయ్యో నలభయ్యో" అన్నారు.

ముప్పయ్యో, నలభయ్యో! రెక్క మీది రివెట్లు ఒక్కటి తగ్గకుండా చెప్పగల మనిషికి డబ్బాలోని పైలట్ల లెక్క సుమారుగానే తెలుసు.

ఆయనను అని ఏం లాభం? అసలు విమానం విషయంలోనూ పైలట్ లెక్క ఆఖరునే వచ్చింది. మన దగ్గర ఉన్న 872 మిగ్ విమానాల్లో సగానికి పైగా కూలిపోయాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారని 2012లో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ రాజ్యసభకు చెప్పారు. బేసిక్ శిక్షణకూ సూపర్‌సోనిక్ విమానానికీ మధ్య ఒక మెట్టు ఉండాలని, అందుకు అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కొనాలని విమాన ప్రమాదాల మీద వేసిన లా ఫాంటెయిన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ ట్రైనర్లుగా ఎంచుకున్న హాక్ విమానాల ఒప్పందం మీద సంతకం పడింది 2004లో. అవి బీదర్‌లో దళంలో చేరింది 2008లో. ఆ మెట్టు లేని ఇరవయ్యారేళ్ళూ, దుండిగల్ పరేడ్‌లో తల్లిదండ్రుల కళ్ళముందు రెక్కల బ్యాడ్జీ అందుకున్న పిల్లలను, శిక్షణ విమానం కిరణ్ దిగి కుదురుకోకముందే మిగ్-21 ఎక్కించారు. కూలినప్పుడు చాలాసార్లు మానవ తప్పిదమన్నారు. ఆ తప్పిదం చేసిన మానవుడు ఇరవయ్యారేళ్ళు ఫైళ్ళు తిప్పినవాడా, ఇరవై నాలుగేళ్ళకే బూడిదైనవాడా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు నీటిధారలతో వీడ్కోలు పలికారు. మా పెద్దమనిషి ఆ వీడియోను ఆపి ఆపి చూసి, రెక్కల మీది బూడిదరంగు ఏ షేడో ఆ రాత్రే నాకు వాట్సాప్‌లో పంపారు. ఆనాడు కాక్‌పిట్లలో కూర్చున్నది ఎవరో ఆయన చూసినట్టు లేదు.

నా కుర్రవాడి ముఖానికి మూడు సున్నాల సన్నటి కుంచెతో రెండు రాత్రులు రంగు వేశాను. హెల్మెట్ కందిగింజంత ఉంటుంది, ముఖం అందులో సగమైనా ఉండదు. తల కాస్త ఎడమకు తిప్పి ఉంచాను, రెక్క కొసను చూసుకుంటున్నట్టు. అతని భుజం వెనక మూడు డయళ్ళు, ఒక స్విచ్చుల పెట్టె మరుగునపడిన మాట వాస్తవమే.

వచ్చే నెలలో మళ్ళీ వచ్చి, సరిదిద్దానో లేదో చూస్తానని ఆయన చెప్పి వెళ్ళారు. రావచ్చు, కాఫీ ఇస్తాం. పిటో ఆ అర మిల్లీమీటరు తక్కువలోనే ఉంటుంది.