ఉప్పుగాలి ఊళ్లో అల్లాయ్ వీల్‌కు మెరుపు కంటే పూత ముఖ్యం

జగదాంబ సెంటర్‌లోనో ద్వారకానగర్‌లోనో ఇరుకు సందు చూసి కారు పెట్టేటప్పుడు చక్రం ఫుట్‌పాత్ సిమెంటు అంచుకు రాసుకుంటుంది. అల్లాయ్ వీల్ అంచున గరుకు గీత పడుతుంది. కొందరు దాన్ని అలాగే వదిలేస్తారు. ఇంకొందరు వీడియో చూసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, పాలిష్ పెట్టి అద్దంలా మెరిపిస్తారు. విశాఖలో ఈ రెండు పద్ధతులూ తప్పేనని నా అభిప్రాయం.

ఈ చక్రాలు అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినవి. గాలి తగలగానే అల్యూమినియం తన మీద తానే పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. మామూలు ఊళ్లలో ఆ పొర చాలావరకు కాపాడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు మాత్రం దాన్ని అక్కడక్కడా ఛేదించి సన్నని గుంటలు పెడుతుంది. గీత పడిన చోట క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన వార్నిష్ పూత, తెగితే తేమ, ఉప్పు కలిసి పూత కిందికి దూరతాయి. బీచ్ రోడ్డులో రోజూ తిరిగే కార్ల చక్రాలను దగ్గర్నుంచి చూడండి. కొన్నింటి మీద గీత పక్కన తెల్లటి సన్నని దారాలు వంకరటింకరగా పాకుతూ కనిపిస్తాయి. పైన వార్నిష్ ఉన్నట్టే ఉంటుంది, కింద తుప్పు లోహాన్ని తినేస్తూ ఉంటుంది. పూత లేకుండా పాలిష్ చేసి వదిలిన చక్రానికి ఆ పాటి రక్షణ కూడా ఉండదు.

అందుకే గీతను త్వరగా సరిచేయాలి, చివర్లో పూత తప్పకుండా వేయాలి. రంగు వేసిన మామూలు చక్రమైతే ఇంట్లో చేసుకోవచ్చు. ముందు సబ్బు నీళ్లతో కడిగి, బ్రేక్ దుమ్ము, జిడ్డు పూర్తిగా వదిలించాలి. జిడ్డు ఉండగానే రుద్దితే అది పేపర్ గీతల్లోకి దిగిపోయి, ఆ తర్వాత రంగు నిలవదు. టైరుకు, రిమ్ముకు మధ్య సందులో పాత పేకముక్కలు చుట్టూ దూర్చితే రబ్బరుకు రంగు అంటదు. పైకి లేచిన ముళ్లను ఆకురాయితో తీసి, 240 నుంచి 400, 600 నంబరు పేపర్లతో తడిపి రుద్దుతూ రావాలి. గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టుకోకూడదు. లోతైన గీతకు మెటల్ పుట్టీ పెట్టి, ఆరాక మళ్లీ రుద్దాలి. ఆ మీద అల్యూమినియాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ అనే తొలి పూత, తర్వాత రంగు, చివరికి క్లియర్ కోట్, ఒక్కోటీ పలుచగా రెండు మూడు సార్లు.

ఇక్కడే మన వాతావరణంతో చిక్కు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే చేస్తే, థిన్నర్ ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి తేమ చేరి క్లియర్ కోట్ పాలలా తెల్లబడుతుంది. వానాకాలం వదిలేసి, డిసెంబరు, జనవరిల్లో ఎండ వచ్చాక నీడలో చేస్తే మంచిది. గట్టిపడే ద్రావణం కలిపే రెండు భాగాల క్లియర్ కోట్‌లో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గుడ్డ కట్టుకుంటే చాలదు. సరైన రెస్పిరేటర్ (ఆవిర్లను వడగట్టే మాస్కు) లేకపోతే ఆ పని పెయింటింగ్ షాపుకే ఇవ్వాలి.

ముఖం మీద వెండిలా మెరిసే సన్నని గుండ్రటి గీతలుంటే అది డైమండ్ కట్ చక్రం. చేత్తో రుద్దితే ఆ ముఖం పోతుంది, లేత్ మీద కోయాల్సిందే. ప్రతి కోతకూ కొంత లోహం తగ్గుతుంది కాబట్టి అదీ ఎన్నిసార్లయినా చేసేది కాదు. పగులు, వంపు ఉంటే మాత్రం ఇంట్లో వేడి చేసి, సుత్తితో కొట్టి సరిచేయడం ప్రాణాలతో చెలగాటం. వేడి తగిలితే ఆ మిశ్రమ లోహం బలం తగ్గిపోతుంది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. చక్రం హబ్‌కు, అంటే దాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి, ఆనే చోట, నట్లు కూర్చునే గుంటల్లో రంగు పడకూడదు. రంగు పొర నలిగితే నట్లు వదులవుతాయి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) ఎదురెదురు నట్లుగా బిగించి, ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.