ఈకల గుడ్డ ఎరువవుతుంది, ప్లాస్టిక్ షీటు ఏమవుతుంది?

మొక్కల చుట్టూ నేలపై పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు లాభాలు రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. కలుపు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. చిక్కంతా పంట అయ్యాకే. ఎండకు పెళుసెక్కిన పల్చటి షీటు లాగితే పేలికలవుతుంది. వేళ్లకు చుట్టుకున్న ముక్కలు మట్టిలోనే ఉండిపోయి, ప్రతి దుక్కికీ ఇంకాస్త చిన్నవవుతాయి. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2021 నివేదిక ప్రకారం పంటలు, పశుపోషణలో ఏటా వాడే ప్లాస్టిక్ 1.25 కోట్ల టన్నులు.

మరోవైపు కోళ్ల పరిశ్రమ వదిలించుకోలేక తంటాలు పడే ఈకల్లో దాదాపు 90 శాతం కెరాటిన్ అనే ప్రోటీనే. ముతక ఉన్నిదీ అదే పదార్థం. వేడితో క్రిములను చంపి, పీచు తీసి, పొరలుగా పేర్చి నొక్కితే మగ్గంతో పనిలేని గుడ్డ తయారవుతుంది. దాన్ని మొక్కల మొదళ్ల చుట్టూ పరచవచ్చు, నారు ట్రేలుగానూ మలచవచ్చు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగేది. కెరాటిన్‌ను గంధకపు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి ఈక వానకు కరగదు. మట్టిలోని కొన్ని బాక్టీరియా, శిలీంధ్రాలు మాత్రం తమ ఎంజైములతో ఆ ప్రోటీన్‌ను మెల్లగా తెంపుతాయి. ఈకలో నత్రజని సుమారు 15 శాతం. యూరియాలా ఒక్కసారిగా వదిలేసి సగం గాలికీ నీటికీ పోగొట్టుకోదు, కొద్దికొద్దిగా వేళ్లకు అందిస్తుంది. ఏరిపారేయాల్సిన చెత్త కాస్తా ఎరువు అవుతుంది! ఇంతకంటే ఏం కావాలి?

ఈకల గుడ్డ ఖరీదెక్కువ, తడిస్తే బలం తగ్గుతుంది అంటారు. 1930లలో ఇటలీ పాల ప్రోటీన్‌తో చేసిన లానిటాల్ బట్ట ఆ బలహీనతతోనే సింథటిక్ దారాల ముందు నిలవలేకపోయింది. నిజమే. కానీ చొక్కా ఏళ్ల తరబడి మన్నాలి, పొలంలో పరిచే గుడ్డ ఒక్క సీజను ఆగితే చాలు. అక్కడ లోపమైనదే ఇక్కడ అర్హత.

ఖరీదు మాట కూడా సగం లెక్కే. ప్లాస్టిక్ చవగ్గా కనిపించేది, నేలను శుభ్రం చేసే ఖర్చు ఎవరి బిల్లులోనూ లేదు కాబట్టి. లాభం కంపెనీకి, ముక్కలు మట్టికి. ఈ పద్ధతి వ్యవసాయంలో దేన్ని ముట్టుకున్నా కనిపిస్తుంది, మారాల్సింది ముందు ఇదే.

ఇందులో మోసానికీ చోటుంది. ఈకల పీచును అతికించడానికి మొక్కల పిండి, చక్కెరల నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ కలిపి ‘భూమిలో కలిసిపోతుంది’ అని లేబుల్ వేయొచ్చు. పీఎల్ఏ త్వరగా విచ్ఛిన్నం కావాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా ఉండే కంపోస్ట్ కేంద్రం కావాలి, పొలం మట్టిలో ఆ వేడి ఎక్కడిది? 2018లో వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 17033 మల్చింగ్ ఫిల్మ్ రెండేళ్లలోపు మట్టిలోనే 90 శాతం విచ్ఛిన్నం కావాలంటుంది. సబ్సిడీ ఇచ్చే ప్రతి ప్రభుత్వమూ ఈ పరీక్ష నెగ్గిన సరుకుకే ఇవ్వాలి. మిగతా షీట్లను పంట తర్వాత ఏరి తీసుకెళ్లే ఖర్చు తయారీదారు మీదే వేయాలి.